గ్రుడ్లప్పగించి చూడని ఊరు

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



రెండు దినములుగా ఈ శిబిరములో మీరు మంచినీటి పథకములను గురించియు, వీధిదీపములను గురించియు, ఇంటిపన్ను వసూలును గురించియు వినుచున్నారు. నాకు ఒప్పగించిన విషయము "మాజీ సైనికులు - గ్రామ పంచాయతీల బాధ్యత" అనునది. పింఛను నిబంధనలు, దరఖాస్తు పత్రములు మొదలైనవానిని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమువారు నాకంటె బాగుగా చెప్పగలరు. రేపటి ఉదయము వారి ప్రసంగమున్నది. నేను ఆ జోలికి పోను. గాయపడి ఇల్లు చేరిన సైనికుని ఊరు ఏ కంటితో చూచుచున్నదను సంగతిని గురించి మాత్రమే మాటలాడుదును. ఇది మీకు చిన్న విషయముగా తోచవచ్చును. నాకును ఒకప్పుడు అట్లే తోచెను. కావున మొదట నా పొరపాటునే చెప్పుదును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామములో గణతంత్ర దినోత్సవ సభను ఏర్పాటు చేయు భారము నాపై పడెను. ఆ ఊరి యువకుడొకడు సైన్యములో పనిచేయుచు, మందుగుండు ప్రేలిన ప్రమాదములో ఎడమ చేతిని మణికట్టు వరకు పోగొట్టుకొని, ముఖము ఒక ప్రక్క అంతయు కాలి, పింఛనుతో ఇంటికి వచ్చి యుండెను. పగటిపూట బయటికి వచ్చుట అతడు మానివేసెను. వచ్చినను తలకు తువ్వాలు చుట్టుకొని, దాని కొంగు చెంపమీదికి లాగుకొని వచ్చెడివాడు. ఇట్టి వీరుని ఊరివారు గుర్తింపకపోవుట అన్యాయమని నాకు తోచెను. అతనిని వేదికపై కూర్చుండబెట్టి, బంతిపూల దండ వేయించి, అతని సాహసమును గురించి ఇరువది నిమిషములు ఉపన్యసించితిని. మధ్యలో, "తువ్వాలు తీయవోయి, సిగ్గెందుకు?" అని కూడ అంటిని. అతడు తీసెను. ముందు వరుసలో నేలమీద కూర్చున్న బడిపిల్లలు నోళ్ళు తెరచి చూచిరి. ఒక తల్లి తన చంటిబిడ్డ కన్నులకు చేయి అడ్డము పెట్టెను. నేను దానిని చూచియు చూడనట్లు ప్రసంగము సాగించితిని.

సభ ముగిసిన పిమ్మట అతడు నావద్దకు వచ్చి, మెల్లగా, "అయ్యా, ఇంతవరకు నన్ను నలుగురే చూసేవారు. తమరు ఊరందరికీ చూపించినారు. అది అయిపోయింది. పాలకేంద్రంలో లెక్కలు రాసే పని ఖాళీగా ఉన్నది. ఆ మాట ప్రెసిడెంటుగారితో ఒక్కసారి చెప్పండి, చాలు" అనెను.

ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. ప్రచారశాఖలో పనిచేయువారికి ఒక జబ్బు కలదు. ఏ మనిషినైనను వేదికనెక్కించినచో అతనికి మేలు చేసినట్లే తలచుచుందుము. ఇతర దేశములలో ఇట్టివారి విషయమై జనులు ఏమి చేసిరో తెలిసికొనవలెనని కొన్ని పుస్తకములను చదివితిని. అప్పుడు నాకు తారసపడినదే ఇంగ్లండులోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అను చిన్న పట్టణపు చరిత్ర. అది లండను నగరమునకు దక్షిణమున సుమారు 30 మైళ్ళ దూరములో, ససెక్స్ అను ప్రాంతములో ఉన్నది. ఆ ఊరికి "గ్రుడ్లప్పగించి చూడని ఊరు" అను పేరు వచ్చెను. ఊళ్ళకు కోటలను బట్టియు, గుడులను బట్టియు పేరు వచ్చుటను విని యున్నాము గాని, చూపును బట్టి పేరు వచ్చిన ఊరు నాకు తెలిసి ఇదియొక్కటే.

అది రెండవ ప్రపంచ యుద్ధకాలము. ఆంగ్లేయులు మనకు పాలకులై యుండిన దినములవి. ఆ యుద్ధములో మన దేశమునుండి సుమారు 25 లక్షలమంది సైన్యములో పనిచేసిరి. మన తెలుగు పల్లెలనుండి వెళ్ళినవారును అందు కలరు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమును నేటికిని జనులు "మిలిటరీ మాధవరము" అనియే పిలుచుచున్నారు. పాలకులన్న ద్వేషము వేరు, గాయపడిన సైనికుని బాధ వేరు. మంచి ఎచటనున్నను తెలిసికొనుటలో తప్పులేదు.

1940 వేసవిలో జర్మను విమానములు ఇంగ్లండుపై విరుచుకొనిపడెను. వానిని ఎదుర్కొనినవారు హరికేన్, స్పిట్‌ఫైర్ అను చిన్న విమానములను నడపు యువకులు. వారిలో చాలమందికి పాతిక సంవత్సరములైనను నిండలేదు. ఆ విమానములలో పైలట్టు కూర్చుండు చోటికి ముందుభాగముననే పెట్రోలు తొట్టి యుండెడిది. గుండు తగిలినంతనే మంట సూటిగా ముఖము మీదికి వచ్చెడిది. కొన్ని సెకండ్లలోనే కనురెప్పలు, ముక్కు, పెదవులు, చేతివ్రేళ్ళు కాలిపోయెడివి. పూర్వకాలములో ఇట్టి గాయములు తగిలినవారు బ్రతుకుటయే అరుదు. ఇప్పుడు ప్రాణములు దక్కుచుండెను. అయితే ఆ ముఖములతో ఎట్లు బ్రతుకవలెనను ప్రశ్న క్రొత్తగా పుట్టెను.

ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లోని క్వీన్ విక్టోరియా ఆస్పత్రికి 1939లో ఆర్చిబాల్డ్ మెకిండో అను శస్త్రవైద్యుడు వచ్చెను. ఆయన 1900లో న్యూజీలండు దేశములో జన్మించినవాడు. పొట్టివాడు, దిట్టమైనవాడు, మాట కరకు. కాలిన గాయములపై టానిక్ ఆమ్లము పూసి, పైన గట్టి చెక్కు కట్టునట్లు చేయుట ఆనాటి ఆచారము. ఆ చెక్కు క్రింద వ్రేళ్ళు ముడుచుకొనిపోయి పనికిరాకుండ పోవుచుండెను. విమానము కూలి సముద్రములో పడినవారి గాయములు, నేలపై పడినవారి గాయములకంటె మెరుగుగా మానుచుండుటను మెకిండో గమనించెను. అంతట ఆయన ఆ ఆమ్లమును మాన్పించి, గోరువెచ్చని ఉప్పునీటి తొట్లలో రోగులను ఉంచసాగెను. ఇక్కడ ఒక్క మాట. మన ఊళ్ళలో కాలినచోట సిరా, పేడ, పండ్లు తోముకొను పేస్టు పూయువారు నేటికిని కలరు. దయచేసి మీరైనను ఆ పని చేయనీయకుడు. శుభ్రమైన చల్లని నీటిని ఇరువది నిమిషములు ధారగా పోసి, శుభ్రమైన గుడ్డ కప్పి, ఆస్పత్రికి తీసికొనిపొండు.

క్రొత్త ముక్కును చేయుట ఒక్కనాటి పని కాదు. భుజమునుండియో, పొట్టనుండియో చర్మమును లేపి, గొట్టమువలె చుట్టి, ఒక కొనను ఉన్నచోటనే ఉంచి, రెండవ కొనను ముఖమునకు అతికెడివారు. రక్తము ప్రసరించుటకు అలవాటుపడు వరకు, వారముల తరబడి ఆ మనిషి ముఖమునకు తొండము వ్రేలాడుచున్నట్లుండెడిది. ఒక్కొక్కరికి పది, ఇరువది, ముప్పది ఆపరేషనులు సంవత్సరముల తరబడి సాగెను. ఈ ఆపరేషనుల మధ్య కాలములో వారు ఏమి చేయవలెను? గోడకు ముఖము త్రిప్పి పడుకొనవలెనా? అసలైన కథ ఇచటనే ఉన్నది.

మెకిండో మొదట ఆస్పత్రిలోని వాతావరణమును మార్చెను. గాయపడిన సిపాయిలు నీలిరంగు రోగి దుస్తులను ధరింపవలెనను నియమముండెను. వాటిని తీసివేయించి, వారి వైమానిక దళపు దుస్తులనే ధరింపనిచ్చెను. అధికారులకు వేరు, సామాన్య సైనికులకు వేరు అను భేదమును వార్డులో పాటింపలేదు. ఇతరులకు చేయు ఆపరేషనును చూడగోరిన రోగులను లోనికి రానిచ్చెడివాడు. రేపు తనకు ఏమి జరుగనున్నదో ఈనాడే కన్నులార చూచినవానికి సగము భయము తీరునని ఆయన నమ్మకము. వార్డులో ఒక బీరు పీపా కూడ ఉండెను. మద్యపాన వ్యతిరేక ప్రచారము చేయవలసిన నేను ఈ సంగతిని చెప్పుటకు కొంత వెనుకాడుచున్నాను. అయినను జరిగినది చెప్పక తప్పదు.

1941 జూలైలో ఆ రోగులందరు కలిసి ఒక సంఘము పెట్టుకొనిరి. ప్రయోగశాలలలో క్రొత్త మందులను, క్రొత్త పద్ధతులను మొదట గినీ పిగ్ అను చిన్న జంతువుపై ప్రయోగించి చూతురు. మాపైనను అట్లే క్రొత్త చికిత్సలను ప్రయోగించుచున్నారు గదా యని వారు తమ సంఘమునకు గినీ పిగ్ క్లబ్ అని పేరు పెట్టుకొనిరి. డబ్బు తీసికొని పారిపోలేడని, కాళ్ళు కాలి నడువలేనివానిని కోశాధికారిగా ఎన్నుకొనిరి. సభా వివరములను దీర్ఘముగా వ్రాయలేడని, వ్రేళ్ళు కాలినవానిని కార్యదర్శిగా ఎన్నుకొనిరి. పంచాయతీ తీర్మానములు పేజీలకొలది వ్రాయు కార్యదర్శులు ఇచట ఎవరైనను ఉన్నచో మన్నింతురు గాక. యుద్ధము ముగియునాటికి ఆ సంఘములో 649 మంది సభ్యులుండిరి. మొదట యుద్ధవిమానముల పైలట్లు చేరిరి గాని, పోను పోను బాంబరు విమానముల సిబ్బందియే ఎక్కువైరి.

ఇక ఊరి సంగతి. ముఖమును బాగుచేయుట తన చేతిలో ఉన్నను, ఆ ముఖముతో వీధిలో నడచు ధైర్యమునిచ్చుట తన చేతిలో లేదని మెకిండోకు తెలియును. ఆయన ఊరివారిని కలిసికొని మాటలాడెను. ఈ యువకులు మీ వీధులలో తిరుగుదురు, మీ దుకాణములకు వత్తురు, వారిని మీలో ఒకరుగా చూడుడని కోరెను. ఊరివారు అంగీకరించిరి. గృహస్థులు వారిని ఆదివారములలో భోజనమునకు, తేనీటికి పిలిచిరి. హోటళ్ళలో, సినిమాహాలులో, నాట్యశాలలో వారికి ఎప్పటివలె చోటు దొరకెను. ఊరివారు వారిని చూచి జాలిగా నాలుక చప్పరింపలేదు. ముఖము చాటు వేయలేదు. ముక్కు స్థానమున తొండము వ్రేలాడుచున్న మనిషి కౌంటరు వద్దకు వచ్చినచో, కన్నులలోనికి చూచి, ఏమి కావలెనని అడిగిరి. చేతులు పనికివచ్చినవారికి విమాన పరికరములు తయారుచేయు చిన్న కార్ఖానా ఒకటి ఆస్పత్రిలోనే ఏర్పడెను. చికిత్స పొందుచున్నవారు అందులో పనిచేసి తామును అక్కరకు వచ్చుచున్నామని తెలిసికొనిరి.

ఆ ఊరివారు సుఖములో ఉండి ఈ ఔదార్యమును చూపిరని తలపవద్దు. 1943 జూలై 9వ తేదీ సాయంకాలము ఒక జర్మను విమానము ఆ ఊరిపై బాంబులు విడిచెను. సినిమాహాలులో కూర్చున్న జనముపై పైకప్పు కూలెను. 108 మంది మరణించిరి. వారిలో పిల్లలు అనేకులు. తమ బిడ్డలను పూడ్చిపెట్టుకొన్న ఊరే, పరాయి ఊళ్ళ బిడ్డలను తమ భోజనపు బల్లల వద్ద కూర్చుండబెట్టుకొనెను.

ఒక చూపు మనిషిని ఏమి చేయగలదో జెఫ్రీ పేజ్ అను పైలట్టు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. 1940 ఆగస్టు 12వ తేదీన మార్గేటు తీరమున అతని హరికేన్ విమానము అంటుకొనెను. అప్పటికి అతనికి 20 సంవత్సరములు. కాలిన చేతులతో పారాషూటు త్రాడు లాగి, సముద్రములో పడి, పడవవారి వలన బ్రతికెను. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌కు రాకముందు వేరొక ఆస్పత్రిలో ఉండగా, సౌందర్యవతియైన ఒక యువతి నర్సుగా వచ్చి అతని చేతులను చూచెను. ఆమె ముఖములో భయము, ఏవగింపు కనబడెను. ఆమె ఒక్క మాటయు అనలేదు. అయినను ఆ చూపును అతడు నలుబది సంవత్సరముల తరువాత వ్రాసిన పుస్తకములో కూడ మరువలేకపోయెను. ఆ పిల్లను తప్పుపట్టుట కూడ న్యాయము కాదు. ఆమెకు ఎవరును ముందుగా చెప్పలేదు, సిద్ధపరుపలేదు. మెకిండో చేసిన పని ఆ సిద్ధపరచుటయే. పేజ్ ఆపరేషనుల పిమ్మట తిరిగి విమానము నడిపెను. యుద్ధాంతమున ఉపన్యాసములు చేయుటకు అమెరికా వెళ్ళి, అచట పాలిన్ అను యువతిని చూచి, 1946లో వివాహమాడెను. ఆమె తండ్రి సినిమాలలో డాక్టరు వాట్సన్ పాత్ర ధరించిన నైజెల్ బ్రూస్.

పేజ్ కథలో అదృష్టము కొంత ఎక్కువగా ఉన్నది. నా మనసును ఎక్కువగా పట్టినది బిల్ ఫాక్స్‌లీ కథ. అతడు బాంబరు విమానములో నావిగేటరు, అనగా దారి చూపువాడు. 1944 మార్చిలో కాసిల్ డోనింగ్టన్ అను చోట అతని వెల్లింగ్టన్ విమానము కూలి మంటలు లేచెను. అతడు గాయము లేకుండ బయటపడెను. బయటనే నిలిచియుండినచో ఈ కథ లేదు. లోపల చిక్కుకొన్న సహచరుని కేక విని, మరల మంటలలోనికి దూరెను. అతనిని బయటికి లాగెను గాని, ఆ సహచరుడు దక్కలేదు. ఫాక్స్‌లీకి ముఖముపై చర్మము, కండ, మృదులాస్థి కాలిపోయెను. చేతులు ముడుచుకొనిపోయెను. ఒక కన్ను పూర్తిగా పోయెను, రెండవదాని చూపు మందగించెను. అప్పటికి అతని వయస్సు 20. ఆ సంఘములో మిక్కిలి ఘోరముగా కాలినవాడు అతడే యని పేరుపడెను. సుమారు 30 ఆపరేషనులు, మూడు సంవత్సరములకు పైగా చికిత్స.

ఆ ఆస్పత్రిలో సేవచేయుచుండిన కాథరిన్ అను యువతియు, అతడును ఒకరినొకరు ఇష్టపడి 1947లో వివాహము చేసికొనిరి. అట్టి వివాహములు అచట మరికొన్ని జరిగెను. "ప్రేమ వివాహము" అను మాట వినగానే వెనుక వరుసలోని పెద్దలు ముఖముఖములు చూచుకొనుచున్నారు. నేను సినిమా కథ చెప్పుట లేదు. ముఖము లేదనుకొన్నవానిని ఒక స్త్రీ దినదినము చూచి, అతని హాస్యమును, కోపమును, మొండితనమును ఎరిగి, ఇతనితో సంసారము చేయగలనని నిశ్చయించుకొనినది. ఆమె అతనిని గాయపు కట్టులలో చూచెను, ఊరివారితో కూర్చుండి నవ్వుచుండగా చూచెను. చీకటి గదిలో దాగినవాడై యుండినచో ఆ రెండవది చూడగలిగెడిదా? కుమారులను కని, వారు సాధారణ కుటుంబమువలె జీవించిరి.

వివాహముతో బాధలన్నియు తీరినవని చెప్పినచో అబద్ధమగును. ఫాక్స్‌లీ తరువాత లండనులో కేంద్ర విద్యుదుత్పత్తి సంస్థలో ఉద్యోగము చేసెను. క్రాలీ అను ఊరినుండి దినమును రైలులో వెళ్ళి వచ్చెడివాడు. ఎంత రద్దీగా నున్నను, అతని ప్రక్క సీటు తరచుగా ఖాళీగానే ఉండెడిది. జనులు దగ్గరికి వచ్చి, ముఖము చూచి, ముందుకు సాగిపోయెడివారు. భయపడవద్దు, నేను కరవనులే యని అతడే నవ్వుచు చెప్పెడివాడు. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌కును క్రాలీకిని మధ్య దూరము పది మైళ్ళు కూడ లేదు. ఒక ఊరు నేర్చుకొనిన మర్యాద పది మైళ్ళు దాటి పోలేదు. చట్టము వలన వచ్చినది కాదు గదా, ఏ ఊరికి ఆ ఊరు నేర్చుకొనవలసినదే. అయినను అతడు రైలు మానలేదు. 1969లో వచ్చిన "బాటిల్ ఆఫ్ బ్రిటన్" అను సినిమాలో, కాలిన పైలట్టు పాత్రలో తన ముఖముతోనే నటించెను. 2010 డిసెంబరులో, 87వ ఏట మరణించెను.

ఇక మన ఊళ్ళకు వత్తము. చేయి పోయిన జవాను, కాలు పోయిన జవాను ఇంటికి వచ్చినప్పుడు మనవారు పరామర్శకు పోవుదురు. మంచిదే. కాని అచట ఏమి మాటలాడుదురు? "అయ్యో, ఎంత చక్కనివాడవు, ఎట్లైపోతివి! ఇక నీకు పిల్లనెవరిస్తారు?" ఈ మాటను నేను నా చెవులతో వినియున్నాను. చెప్పినవారు దుర్మార్గులు కారు, బంధువులే. ఆ జవాను తల్లి చెంతనే కూర్చుండి వినుచుండెను. వారము దినములలో పది మంది అదే మాట అనిన తరువాత, ఆ యువకుడు దానిని తానే నమ్మును. తరువాత ఎవరును అననక్కరలేదు.

దీనికి విరుగుడుగా కొందరు పెద్దలు వేరొక పని చేయుదురు. నెలనెల వచ్చు పింఛనును చూచి, ఎవరైన పేదపిల్లను, ఆమె ఇష్టమును అడుగకుండ, అంటగట్టుదురు. ఊరంతయు "త్యాగము చేసినది" అని ఆమెను పొగడును. ఇది అంతకంటె చెడ్డ పని. ఆ ఇంటిలో అతడు జీవితమంతయు ఋణస్థుడు, ఆమె జీతములేని నర్సు. కాథరిన్ త్యాగము చేసినదని నేను తలపను. ఆమెకు నచ్చినవానిని ఆమె చేసికొనినది. మీ ఊరిలో మేజరైన ఆడపిల్ల ఎవరైన తనంతట తాను అట్టి నిశ్చయము చేసికొనినచో, "గొంతు కోసికొనుచున్నావు" అని ఆమెను బెదరింపక, పెద్దరికముతో ప్రక్కన నిలువవలసినవారు మీరే. పంచాయతీ సంబంధములు కుదుర్చు సంస్థ కాదు. అయితే ఆ యువకుడు నలుగురిలో తిరుగుటకు, నలుగురు అతనిని ఎరుగుటకు తగిన చోటు మీరు కల్పింపగలరు. పనికి నియమించుట, గ్రామసభలో మాటలాడనిచ్చుట, ఏదైన ఉపసంఘములో అతనికి పని ఒప్పగించుట మీ చేతిలోనివే. జవాను ఇంటికి చేరుటకు ముందే బడికి పోయి, ఉపాధ్యాయులచేత పిల్లలకు చెప్పింపుడు. పిల్లలు అడుగు ప్రశ్నలకు అతడు కోపపడడు. పిల్లలు అడుగుదురు, జవాబు విని ఆటలకు పోవుదురు. అడుగక చూచుచుండు పెద్దల చూపే భరింపరానిది.

గినీ పిగ్ క్లబ్ వారు ఏటేట ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో కలిసికొనుచుండిరి. వృద్ధులై, సంఖ్య తగ్గి, 2007లో చివరి సమావేశము జరిపిరి. 2014లో ఆ ఊరివారు మెకిండో విగ్రహమును నెలకొల్పిరి. దానిని చెక్కిన మార్టిన్ జెన్నింగ్స్ అను శిల్పి తండ్రి, మెకిండో వద్ద చికిత్స పొందినవాడే. కాలిన చేతులతో ఒక యువకుడు కూర్చుండి ఆకాశమువైపు చూచుచుండగా, వెనుక వైద్యుడు అతని భుజములపై చేతులుంచి నిలిచియుండును. చుట్టును ఒక రాతి బల్ల ఉన్నది. దారిన పోవువారు ఎవరైనను దానిపై కూర్చుండవచ్చును. అట్లు కూర్చున్నవారే ఆనాటి ఊరివారికి గుర్తు. చిత్రపటములో దానిని చూచినప్పుడు నాకు మన రచ్చబండ జ్ఞప్తికి వచ్చెను.

నేను దండ వేయించిన జవాను సంగతి చెప్పి ముగింతును. పాలకేంద్రము అధ్యక్షునితో మాటలాడితిని. "తెల్లవారుజామున పాలు పోయడానికి ఆడవాళ్ళు వస్తారండి, ఆ ముఖం చూసి..." అని ఆయన నసిగెను. చివరకు మూడు నెలల పాటు చూతమని ఒప్పుకొనెను. మొదటి వారము పాలు పోయువారు క్యాను దించి, తల వంచుకొని, చీటీ తీసికొని పరుగున పోవుచుండిరట. ఎవరును ఒక్క మాట అనలేదు. ఎనిమిదవ దినమున ఒక పిల్ల తన చీటీని చూచి, వెన్న శాతము తక్కువ వ్రాసినారని, సూటిగా అతని ముఖములోనికి చూచుచు తగవు పెట్టుకొన్నది. "మా గేదె పాలు నిన్న ఎంత, ఈరోజు ఎంత? నమూనా మళ్ళీ తీయండి" అని పట్టుబట్టినది. అతడు కుడిచేతితో నమూనా మరల తీసి, మరల పరీక్షించెను. ఆమెదే ఒప్పు. చీటీ దిద్ది యిచ్చెను. ఇంటికి వచ్చిన తరువాత ఇంత ఆనందముగా ఎన్నడును తిట్లు తినలేదని అతడే నాతో చెప్పెను.

ఆ తగవు రెండు సంవత్సరములు సాగి పెండ్లిలో ముగిసెను. ఆ పిల్ల తండ్రి మొదట ఒప్పుకొనలేదు. సర్పంచిగారు మూడు పర్యాయములు వారి ఇంటికి పోయి, అరుగుపై కూర్చుండి వచ్చిరి. శుభలేఖ నాకును వచ్చెను. పెండ్లికుమారునికి తలపాగా ఉన్నది గాని, చెంపమీద తువ్వాలు లేదు. ఈసారి నన్నెవరును ప్రసంగింపుమని కోరలేదు. బంతిలో అతని మేనమామ ప్రక్కన కూర్చుండి, భోజనము చేసి వచ్చితిని.